ఇంకొకటి వెలిగించు

బజారు తెరిచే వేళకి సోనున్ బండి పెద్ద గేటు దగ్గర సిద్ధంగా ఉండేది. చంటిపిల్లల్ని కూర్చోబెట్టి తిప్పే పాత బండి అది. ఎవరో పారేస్తే తెచ్చుకుంది. అందులో పెద్ద ఫ్లాస్కుల నిండా టీ, వేడి పాలు, పక్కన గుడ్డలో మూటగట్టిన బుర్సోకులు. నూనెలో పొంగిన ఆ పిండి ముక్కల్ని రోజూ పొద్దున్నే అత్తా కోడలూ కలిసి వేయించేవాళ్ళు.

"టీ, వేడి టీ! కాళ్ళు తియ్యి బాబూ, కాలితే మళ్ళీ నన్నంటావు!" అని అరుచుకుంటూ ఆమె వరుసల మధ్య దూరిపోయేది. బిష్కెక్ ఊరి చివర ఆ బజారంతా ఇనుప కంటైనర్లే. ఒకదాని మీద ఒకటి. కిందది దుకాణం, పైది సరుకు కొట్టు. చలికాలంలో ఆ ఇనుము తాకితే వేళ్ళు అంటుకుపోతాయి. వేసవిలో దాని పక్కన నిలబడితే మొహం మాడిపోతుంది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక సోనున్ మేజోళ్ళు అమ్మే నూరిపా దుకాణం వెనక సందులోకి వెళ్ళేది. అక్కడ ఒక ఖాళీ పెట్టె బోర్లించి కూర్చుని సిగరెట్ వెలిగించేది. మొదటి పొగ వదిలేసరికి ఆమె భర్త టోక్టోసున్ వచ్చి పక్కన గొంతుక్కూర్చునేవాడు.

టోక్టోసున్ పోయి రెండు చలికాలాలు దాటింది. బతికున్నన్నాళ్ళూ ఆ బజారులోనే హమాలీ. మూటల బరువుకీ, మూటకీ మూటకీ మధ్య కాల్చిన సిగరెట్లకీ ఊపిరితిత్తులు చిల్లులు పడి పోయాడు. నలభయ్యో రోజు భోజనాలు అయి, వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, సోనున్ అతని కోటు జేబులో మిగిలిన సిగరెట్ పెట్టె తీసింది. అంతవరకూ ఆమె సిగరెట్ ముట్టి ఎరగదు. అతని వాసన ఒక్కసారి వస్తే చాలనుకుని, గేటు బయట నిలబడి వెలిగించింది. దగ్గి దగ్గి, కళ్ళనీళ్ళు తుడుచుకుని చూస్తే అతను గేటుకి ఆనుకుని ఉన్నాడు.

"ఈ గేటు బందు ఊడిపోయేలా ఉంది. చూసుకోవడం లేదా?" అన్నాడు. సిగరెట్ ఉన్నంతసేపూ ఉన్నాడు. అయిపోగానే లేడు.

అప్పటినుంచీ ఆమె సిగరెట్ వెలిగించినప్పుడల్లా వస్తూనే ఉన్నాడు. సందులోంచి వెళ్ళే హమాలీలు ఆగి పలకరించేవాళ్ళు.

"సలాం బయికే, పెద్దన్నా! ఆ పాత బండి చక్రం ఎక్కడ పెట్టి పోయావో చెప్పు, వెతకలేక చస్తున్నాం," అన్నాడు మాక్సత్ అనే కుర్ర హమాలీ ఒకసారి.

"సిమెంటు బస్తాల వెనక చూడరా. కళ్ళు పెట్టుకుని వెతకాలి."

చక్రం అక్కడే దొరికింది.

చనిపోయిన మొగుడు వచ్చి కూర్చోవడం గురించి బజారులో ఎవరూ ఏమీ అనలేదు. అన్నదల్లా సిగరెట్ గురించే. "ఆడదానివి, నలుగురూ తిరిగేచోట ఆ పొగేమిటే?" అనేది నూరిపా. "మొగుడితో మాట్లాడుకో, ఎవరొద్దన్నారు? కాస్త గోడవైపు తిరిగి తాగు."

వాళ్ళు మాట్లాడుకునేవి పెద్ద విషయాలేం కావు. టీ ఎంత అమ్ముడైంది, మోకాలు నొప్పి తగ్గిందా, పొయ్యిలోకి బొగ్గు వచ్చిందా. బతికున్నప్పుడు టోక్టోసున్ ఇంటికి రాగానే తిని, గోడవైపు తిరిగి పడుకునేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో భార్యని పేరుపెట్టి పిలిచింది తక్కువ. ఇప్పుడు మాత్రం, సిగరెట్ చివరికొచ్చేసరికి, ఆమె వేళ్ళవంక చూస్తూ అనేవాడు.

"అప్పుడే అయిపోయిందా? ఇంకొకటి వెలిగించు, సోనున్."

ఆ మాట వినగానే ఆమె ఇంకొకటి వెలిగించేది.

సాయంత్రం ఇంటి గేటు దగ్గర మరో విడత. అప్పుడు అత్తగారు బురుల్చా కూడా వచ్చేది. డెబ్భై దాటిన మనిషి. ఐదు పూటలా నమాజు తప్పదు. కొడుకు కోసం గిన్నెలో టీ తెచ్చి గడప మీద పెట్టి, తెల్లటి తలగుడ్డ కొంగుతో ముక్కు మూసుకుని కూర్చునేది.

"ఈ కంపు లేకుండా రాలేవట్రా?"

"రాలేను అపా." తల్లిని అపా అనే పిలిచేవాడు.

టీ చల్లారిపోయేది. సిగరెట్ సగంలో ఉండగానే పొగ పడక ఆమె లోపలికి వెళ్ళిపోయేది. చల్లారిన టీ తర్వాత ఆమే తాగేసేది, పారబొయ్యకుండా.

సోనున్‌కి దగ్గు పట్టుకుంది. మొదట దుమ్ము అనుకుంది, తర్వాత చలి అనుకుంది. బండి తోస్తూ మధ్యలో ఆగి ఇనుప తలుపులు పట్టుకుని నిలబడాల్సి వచ్చేసరికి, నూరిపా చెయ్యి పట్టుకుని క్లినిక్‌కి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ ఛాతీకి ఎక్స్‌రే ఫిలిం తీయించి, దీపం వెలిగే గాజు పలక మీద పెట్టింది. సోనున్ ఆ ఫిలింని వెంటనే గుర్తుపట్టింది. టోక్టోసున్‌ని తీసుకొచ్చినప్పుడు ఇదే గదిలో చూసింది. అవే తెల్లటి మచ్చలు.

"పొరపాటున మా ఆయనది పెట్టారమ్మా," అంది.

డాక్టరమ్మ ఫిలిం కింద రాసి ఉన్న పేరు మీద వేలు పెట్టింది. "ఇది మీదే."

సోనున్ వంగి ఆ పేరు తనే చదువుకుంది. గాజు పలకలో దీపం సన్నగా రొద చేస్తోంది. నూరిపా కుర్చీలో కూలబడి, తన నోటిని తనే అరచేత్తో మూసుకుంది.

"ఆయన వచ్చేసరికి చెయ్యిదాటిపోయింది. మీకు ఇంకా వేళ ఉంది," అంది డాక్టరమ్మ. "సిగరెట్ ఇవాళే ఆపెయ్యాలి. అసలెందుకు తాగుతున్నారు?"

"మా ఆయన వస్తాడు."

డాక్టరమ్మ తలూపింది. "ఇక్కడికొచ్చే వాళ్ళందరూ ఏదో ఒకటి చెప్తారు. ఆకలి తెలియకుండా ఉండటానికని ఒకాయన. ఇంట్లో అరుపులు వినపడకుండా ఉండటానికని ఒకామె. మీది వాళ్ళందరికన్నా కష్టమేనమ్మా. అయినా ఆపాలి."

సంగతి విని బురుల్చా కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

"ఆపెయ్," అంది చివరికి.

"మరి ఆయన?"

"పోయినవాడు పోయాడు. నువ్వు బతుకు, కోడలా. ఈ ఇంట్లోంచి ఇంకో శవం లేస్తే చూడ్డానికి నాకు కళ్ళు లేవు."

సోనున్ ఆపింది. జేబు నిండా ఎండబెట్టిన పెరుగు ఉండలు పోసుకుని, సిగరెట్ మీదికి మనసు పోయినప్పుడల్లా ఒకటి నోట్లో వేసుకుని చప్పరించేది. ఉప్పుకి నాలుక పగిలిపోయేది. అలా కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఒకరోజు కాపలావాడు దారికడ్డమని బండిని తన్నాడు. ఫ్లాస్కు పగిలి, పాలన్నీ మట్టిపాలయ్యాయి. మాక్సత్ దగ్గర ఒక సిగరెట్ అడుక్కుంది. టోక్టోసున్ వచ్చి ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావు?" అన్నాడు, చచ్చిపోయింది ఆమే అయినట్టు.

రెండోసారి ఆపినప్పుడు వానలు. టీ తాగే నాథుడు లేక, పరదా కింద ఊరికే కూర్చుని కూర్చుని వెలిగించింది. ఆ తర్వాత మరోసారి ఏ కష్టమూ రాలేదు. ఆ రోజు బుర్సోకులు మధ్యాహ్నానికే అయిపోయాయి. ఆ సంతోషం ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. చెప్పుకోవడానికి అతనొక్కడే ఉన్నాడు.

మొదటిసారి తప్పినప్పుడు పాలు ఒలికాయి కాబట్టి అనుకుంది. ఇన్నిసార్లు తప్పాక, తన పుట్టుకే అంతనుకుంది. "నాలాంటిదాని వల్ల కాదు నూరిపా అక్కా. మనసు గట్టివాళ్ళు వేరే ఉంటారు," అంది.

"ఆ గట్టివాళ్ళకి నీ మొగుడు ఉన్నాడా మరి? మళ్ళీ మొదలెట్టు. పెద్ద చెప్పొచ్చావు," అంది నూరిపా.

మళ్ళీ మొదలెట్టింది. ఈసారి బురుల్చా నడుం కట్టింది. పొద్దున్న బండి కదిలేటప్పుడు "ఇవాళ ఒక్కరోజు, రేపటి సంగతి రేపు," అని పంపేది. సాయంత్రం గేటు దగ్గరే కోడల్ని నిలబెట్టి, జుట్టూ చేతివేళ్ళూ వాసన చూసేది. "ఊఁ. శుభ్రంగానే ఉన్నావు. లోపలికి రా." ఇంట్లో ఎప్పుడు చూసినా కొండల్లో పెరిగే అర్చా చెట్టు కొమ్మల ధూపం గుప్పుమంటూ ఉండేది. పాత పొగ వాసన తగిలి మనసు మళ్ళకుండా తనకోసమే వేస్తోందని సోనున్ అనుకుంది. కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్ళలో అత్తగారు తనని ఇంతగా చూసుకున్నది లేదు.

మంచు కరిగింది. ఈసారి తప్పలేదు. బండి తోస్తూ మధ్యలో ఆగడం తగ్గింది. చాలాకాలం తర్వాత టీ ఆకు వాసన, తడిమట్టి వాసన, ఆఖరికి నూరిపా దుకాణంలో కొత్త ఉన్ని వాసన కూడా తెలిశాయి. "మొహంలో రక్తం కనపడుతోందే," అని నూరిపా బుగ్గ గిల్లింది. భర్త గుర్తొస్తే గుండె కోసినట్టే ఉండేది గానీ, అత్తగారు కూడా అదే కోతని నోరు మూసుకుని భరిస్తోంది కదా అనుకునేది. ఆ ఊహే ఆమెని నిలబెట్టింది.

అలాంటి రోజుల్లో ఒకనాటి మధ్యాహ్నం బండి ఇరుసు విరిగింది. ఫ్లాస్కుల్ని నూరిపాకి అప్పజెప్పి, సోనున్ పట్టపగలే ఇంటికొచ్చింది. పొయ్యి మీద అర్చా కొమ్మ పొగలు కక్కుతోంది. అత్తగారు లేదు. పెరట్లో బొగ్గుల కొట్టు వెనకనించి దగ్గు వినిపించింది. ఆ దగ్గు వెనకాలే ఒక గొంతు.

"పొయ్యి గొట్టం ఈ ఏడన్నా దులిపించావా అపా?"

సోనున్ ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో. ఒక్కో అడుగే వేసి కొట్టు మూల నుంచి తొంగిచూసింది.

బురుల్చా చెక్కపీట మీద కూర్చుని ఉంది. ఎడమచేతిలో జపమాల. కుడిచేతిలో సిగరెట్. సూదిలో దారం ఎక్కించేటప్పుడు పట్టుకున్నట్టు, రెండు వేళ్ళ కొసల మధ్య పట్టుకుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ముందు పెట్టుకున్న రేకు డబ్బా నిండా పీకలు. ఎదురుగా టోక్టోసున్ గొంతుక్కూర్చుని ఉన్నాడు. అదే కోటు, మోకాళ్ళ మీద అవే మొరటు చేతులు.

సోనున్ అరవబోయింది. ఆపమన్నది ఈవిడే. రోజూ తన వేళ్ళు వాసన చూసింది ఈవిడే. పుట్టి బుద్ధెరిగాక పొగ ముట్టని మనిషి, డెబ్భై దాటాక, కొడుకు కోసం.

ముసలామె దగ్గు తెరలు తెరలుగా వచ్చి ఒళ్ళంతా కుదిపేసింది. జపమాల ఒళ్ళో జారిపోయింది. దగ్గు సద్దుమణిగేదాకా టోక్టోసున్ ఓపిగ్గా చూశాడు. తర్వాత ఆమె వేళ్ళవంక చూస్తూ మెత్తగా అన్నాడు.

"అప్పుడే అయిపోయిందా? ఇంకొకటి వెలిగించు, అపా."

సోనున్‌కి చెంపమీద చల్లటినీళ్ళు కొట్టినట్టయింది. అదే మాట, అదే మెత్తదనం. తన పక్కన కూర్చుని అన్నప్పుడు అది ప్రేమలా వినిపించేది. ఇప్పుడు దూరాన్నించి, ఊపిరందక కొట్టుకుంటున్న ముసలిదాన్ని అంటుంటే వినబడింది. తను దగ్గుతున్నప్పుడు కూడా అతను ఇలాగే ఓపిగ్గా చూస్తూ కూర్చునేవాడని, ఒక్కసారీ చాల్లే అనలేదని, ఆ క్షణంలో ఆమెకి తెలిసింది.

బురుల్చా అప్పటికే చేతిలోని పీక నిప్పుతోనే ఇంకొకటి అంటించి, నవ్వు మొహంతో నోటి దగ్గరికి తీసుకెళ్తోంది. సోనున్ ఒక్క ఉదుటున వెళ్ళి ఆ సిగరెట్ లాగేసింది. లాగేసిన చెయ్యి ఆమె మాట వినకుండా తన పెదాల వైపే లేచింది. పొగ ముక్కుకి తగిలింది. టోక్టోసున్ తలెత్తి ఆమెను చూసి, ఇన్నాళ్ళకి ఇంటికొచ్చిన మనిషిని చూసినట్టు నవ్వాడు.

"సోనున్! రా, కూర్చో. నువ్వూ ఒక—"

ఆమె సిగరెట్‌ని నేలకేసి మడమతో నలిపేసింది. ఆ మాట సగంలో ఆగిపోయింది. అతను కూర్చున్నచోట బొగ్గుపొడి తప్ప ఏమీ లేదు.

బురుల్చా లేచి కోడలి చెంప పగలగొట్టింది. "నా కళ్ళ ముందే నా కొడుకుని చంపావు కదే! ఒకసారి పోయాడు చాలలేదా నీకు!"

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూస్తూ నిలబడిపోయారు.

ఆ తర్వాత ముసలామె మంచమెక్కి గోడవైపు తిరిగింది. కోడలు పెట్టిన తిండి ముట్టలేదు. ఛాతీలో పిల్లికూతలు. సోనున్ బజారుకెళ్ళడం మాని పక్కనే కూర్చుంది. బురుల్చా చెయ్యి మాటిమాటికీ దిండు కిందికి, తలగుడ్డ ముడిలోకి, జేబులోకి పోయి, ఖాళీగా బయటికొచ్చేది. ఆ చేతిని సోనున్ ఎరుగును. అది కొడుకు కోసం వెతకడం కాదు.

"నా వేళ్ళు వాటంతటవే వెతుకుతున్నాయే," అంది ముసలామె ఒకనాడు, గోడవైపే చూస్తూ, భయంగా. "ఏమైంది నాకు?"

సోనున్ జేబులోంచి పెరుగు ఉండ తీసి ఆమె నోటికందించింది. "కొరక్కు అపా. చప్పరించు. ఇది కెరటంలా వస్తుంది. వచ్చినప్పుడు ఇక పోదేమో అనిపిస్తుంది. పోతుంది. నేనున్నాగా, కూర్చుంటాను."

ఆ మాటలు తన నోటినుంచే వస్తుంటే సోనున్‌కే ఆశ్చర్యమేసింది. నావల్ల కాదనుకున్న మనిషి ఇంకొకళ్ళకి దారి చెబుతోంది. పైగా, చెప్పినవన్నీ నిజమే.

ఉండ కరిగేదాకా ముసలామె చప్పరించింది. తర్వాత నెమ్మదిగా ఇటు తిరిగింది.

"నిన్ను కూడా అలాగే అడిగేవాడా? ఇంకొకటి అని?"

"అడిగేవాడు అపా."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"నువ్వు దగ్గుతున్నప్పుడు కూడా?"

సోనున్ తలూపింది. బురుల్చా మొహంలో రంగు పోయింది. తన్నొక్కదాన్నే కావాలనుకుంటున్నాడనుకుంది ఇన్నాళ్ళూ. పైకప్పు దూలాలవంక రెప్పవేయకుండా చూస్తూ ఉండిపోయింది.

"వాడు చెడ్డవాడు కాదే," అంది. "చిన్నప్పుడూ అంతే. ఒక్కడే పడుకోలేకపోయేవాడు. కాస్త పెద్దాడయ్యాక కూడా, నేను పక్కన ఉండాల్సిందే. నాకు నిద్రొస్తున్నా కథ చెప్పు, ఇంకో కథ చెప్పు అని నా కొంగు వదిలేవాడు కాదు. నన్ను కూడా ఆ చీకట్లోకి లాక్కుపోయేదాకా ఊరుకునేవాడు కాదు."

మంచం దిగే ఓపిక రాగానే ఆమె కబరస్తాన్‌కి తీసుకెళ్ళమంది.

"ఆడవాళ్ళం, మనం వెళ్తే ముల్లా ఏమంటాడో."

"అననీ. వాడి తల్లిని నేనా, ముల్లానా?"

ఎండ కాస్తున్న పూట ఇద్దరూ మినీ బస్సెక్కి వెళ్ళారు. కొండవాలులో టోక్టోసున్ గోరీ చుట్టూ గడ్డి మొలిచింది. బురుల్చా మట్టిలోనే కూలబడి, చెయ్యి చాపి ఆ మట్టిదిబ్బ మీద వేసింది.

"నీకు ముందు ఇద్దరు పుట్టి పోయారురా. అందుకే నీకు ఉండిపొమ్మని పేరు పెట్టాను. టోక్టోసున్, పోవద్దు, ఉండిపో అని. ఎంతమంది ఆ పేరుతో పిలిస్తే అంత గట్టిగా ఉంటావనుకున్నాను." ఆమె దిబ్బ మీది మట్టిపెళ్ళని వేళ్ళతో చిదిపింది. "చాలు నాయనా. నా మాట విన్నావు, ఉన్నావు. ఇక ఉండక్కర్లేదు. పడుకో."

చిన్నపిల్లాడి వీపు మీద తట్టినట్టు ఆ మట్టిని తట్టడం మొదలెట్టింది. నోట్లోనే ఏదో జోలపాట గొణుగుతోంది. ఉయ్యాల ఊపే భాగ్యం సోనున్‌కి కలగలేదు. ఆ పాట ఆమెకి రాదు. ముసలామె చెయ్యి అలిసి ఆగబోతుంటే, తన చెయ్యి ఆ పక్కనే వేసి, అదే లయలో తట్టసాగింది. మట్టి వెచ్చగా ఉంది. తట్టగా తట్టగా, ఎండ కొండ వెనక్కి వాలుతుంటే, చేతుల కింద చల్లబడింది.

ఆ తర్వాత సోనున్ సిగరెట్ ముట్టలేదని చెబితే అది అబద్ధం. శరదృతువులో బజారులో ఒక వరుస మొత్తం కాలిపోయింది. నూరిపా దుకాణం అందులోనే ఉంది. నలభై ఏళ్ళ కష్టం మసై, ఉన్ని కాలిన కంపులో కూర్చుని నూరిపా ఏడవడం కూడా మానేసి ఊరికే చూస్తోంది. ఆమెకి టీ పోసి తాగించి, బండి పక్కకి తోసి, సోనున్ మాక్సత్ చేతిలోంచి సిగరెట్ తీసుకుంది. వద్దని తెలుసు. అయినా వెలిగించింది. పొగ వదిలి పక్కకి చూసింది.

ఎవరూ రాలేదు.

ఇంకో దమ్ము లాగింది. మాడిన ఇనుప తలుపులు, నీళ్ళు నిలిచిన బురద, అటూ ఇటూ పరిగెత్తే మనుషులు. పక్కన ఖాళీ. అతను చనిపోయినరోజు కూడా అంత దిమ్మెరపోలేదు. నోట్లో ఉన్నది ఉత్త పొగ. చేదుగా, గరగరలాడుతూ, ఎవరి వాసనా లేని పొగ. సగం ఉండగానే దాన్ని నీళ్ళలో పడేసి, బండి అక్కడే వదిలేసి, ఇంటికి పరుగెత్తింది. దారిలో ఎక్కడా ఆయాసానికి ఆగలేదన్న సంగతి కూడా ఆమెకి తట్టలేదు.

బురుల్చా వాకిట్లో కూర్చుని పిండి కలుపుతోంది. సోనున్ గేటు తోసుకుని వచ్చి, ఊపిరి తీసుకోకుండానే అరిచింది.

"అపా! వెలిగించాను అపా, తప్పే. కానీ రాలేదు! ఆయన రాలేదు!"

ముసలామె చేతులు పిండిలోనే ఆగిపోయాయి. కోడలి మొహంలోకి చూసింది. ఆ చూపులో మొదట భయం, తర్వాత ఇంకేదో నెమ్మదిగా పరుచుకుంది. పిండి అంటిన వేలు పెదాల మీద పెట్టుకుంది.

"మెల్లగా మాట్లాడవే," అంది గుసగుసగా. "లేస్తాడు."